వందేళ్ల కాగితం

మా అకాడమీ పని చేయదని ఊళ్లో ఒక మాట ఉంది. అది శుద్ధ అబద్ధం. ఏ పనికైనా మొదలుపెట్టే ముందు చేయవలసిన పనులు కొన్ని ఉంటాయి. మేము వాటిని శ్రద్ధగా చేస్తాం. అవి పూర్తయ్యేసరికి కొందరు రిటైరైపోతారు, కొందరు పైకి పోతారు, మరి కొందరు విసుగెత్తి ఇంటికి పోతారు. అందులో మా తప్పేమీ లేదు.

నా పేరు దాలినాయుడు. రాష్ట్ర ఛాయాచిత్ర కళా అకాడమీలో సీనియర్ అసిస్టెంటుని. సముద్రం ఒడ్డున పాత బంగళా మా ఆఫీసు. ఉప్పుగాలికి బీరువా తలుపులు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి కాబట్టి, ఫైలు ఒకసారి లోపలికి వెళ్లిందంటే దాని భద్రత గురించి ఎవరూ బెంగపడక్కర్లేదు. ఇప్పుడు నేను చెప్పబోయే ఫైలు మూడు వందల పన్నెండు పేజీలు. అందులో రెండు వందల డెబ్భై పేజీలు నా చేతిరాతే. కనుక ఈ విషయంలో నా మాట నమ్మవచ్చు.

పొట్నూరు సూర్యలింగం గారిది మా ఊళ్లో ఫోటో స్టూడియో. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు సైజులు, మొదటి పుట్టినరోజులు ఆయన బతుకుతెరువు. ఆదివారం మాత్రం కెమెరా మెడలో వేసుకుని సైకిలెక్కి ఉప్పుమడులకి పోయేవాడు. అలా నలభై ఏళ్లు పోయాడు. మడుల్లో ఉప్పు లాగే ఆడవాళ్లు, గంపలు, కుప్పలు, పాదాల పగుళ్లు, అన్నీ నలుపు తెలుపుల్లో తీశాడు. తొమ్మిది పెట్టెల నెగటివులు పోగుపడ్డాయి. కానీ ఆయన వాటిని ఎప్పుడూ పోస్టుకార్డు కంటే పెద్దగా చూసుకోలేదు.

అరవై ఎనిమిదో ఏట ఆ పెట్టెలన్నీ తెచ్చి అకాడమీకి రాసిచ్చేశాడు. బదులుగా మేము అరవై బొమ్మలు ఎంచి, మనిషి ఎత్తున అచ్చువేయించి, మా పెద్ద హాల్లో ప్రదర్శన పెట్టాలి. ఒప్పందం మీద సంతకాలయ్యాక ఆయన జేబులోంచి ఒక కాగితం తీసి నా బల్ల మీద పెట్టాడు. కంటి డాక్టరు రాసిచ్చిన కాగితం.

"నీటికాసులట బాబూ. రెండు కళ్లకీని. సూపు ఏడాది, మహా అయితే ఇంకో ఆర్నెల్లు ఉంటాదన్నాడు డాక్టరు. ఈలోగా ఓపాలి నా బొమ్మలు గోడ మీద సూసుకుంటే సాలు నాకు. బేగి తేల్చండి."

నేను ఆ కాగితం మీద తేదీ ముద్ర వేసి, ఇన్‌వర్డు నంబరు వేసి, ఫైల్లో నలభై ఒకటో పేజీగా కుట్టేశాను. మధ్యాహ్నం భోజనానికి వెళ్లకముందే కుట్టాను. అంతకంటే బేగి ఎవరు చేస్తారు?

అచ్చు వేయడానికి ఖలీల్‌ని పిలిపించాం. పట్నంలో పెద్ద ఇంక్‌జెట్ మిషను ఉన్నవాడు, చిన్నప్పుడు లింగం గారి డార్కురూములో పని నేర్చుకున్నవాడు. మూడు రకాల కాగితాలు తెచ్చాడు. ఒకటి నిగనిగలాడేది, ఒకటి పాతకాలం స్టూడియో ఫోటోల మెరుపున్నది, ఒకటి అసలు మెరుపే లేనిది. ఈ మూడోది పత్తితో చేసినదట, అట్టలా మందంగా ఉంది. ఒకే బొమ్మని మూడింటి మీదా అరచేతంత వేసి కిటికీ దగ్గర పరిచాడు.

"గురువుగారూ, ఈ మిషనులో తెల్ల ఇంకు ఉండదు. బొమ్మలో తెలుపు ఉన్న చోట మిషను ఏమీ చల్లకుండా వదిలేస్తుంది. అక్కడ కనపడేది కాగితమే. మీ బొమ్మల్లో సగం ఉప్పే కదా, కాబట్టి కాగితం ఎలాగుంటే మీ ఉప్పు అలాగుంటుంది. మీరే చెప్పాలి."

లింగం గారు ఒక్కో ముక్కనీ కళ్లకి ఆనించుకున్నట్టు పట్టుకుని చూశాడు. మొదటిది పక్కన పెట్టేశాడు. "ఇది నీలిమందు పెట్టిన పంచె." రెండోది తిప్పి తిప్పి చూశాడు. "ఇది పంచదార." మూడోదాన్ని వేలి కొసతో రాసి చూశాడు. "ఇదుగో బాబూ. ఇదీ ఉప్పు."

కాగితం ఎంపిక పది నిమిషాల్లో అయిపోయింది. నాకు కంగారు పుట్టింది. పది నిమిషాల్లో తేలిపోయిన విషయాన్ని ఫైల్లో ఏమని రాయాలి? "ఛాయాచిత్రకారుడు చూచి చెప్పినారు" అని రాస్తే చదివినవాళ్లు నవ్వరా? తెలిసినవాడిని అడిగి నిర్ణయం తీసుకున్న పూర్వోదాహరణ మా అకాడమీలో ఒక్కటి కూడా లేదు.

అదృష్టవశాత్తు అదే వారం మా డైరెక్టరు పరాంకుశరావు గారు ఢిల్లీలో రెండు రోజుల సెమినారు ముగించుకుని తిరిగొచ్చారు. వెళ్లేటప్పుడు మామూలు మనిషి. వచ్చేటప్పుడు ఆయన నోట ఒకటే మాట, 'ఆర్కైవల్'. అంటే తరతరాలు చెడకుండా నిలిచేది అని అర్థమట. మర్నాటి నుంచి ఆఫీసులో ప్రతిదానికీ అదే కొలబద్ద అయింది. గుండుసూది ఆర్కైవలా కాదా. జిగురు ఆర్కైవలా కాదా. క్యాంటీను ఇడ్లీని వేలితో నొక్కి చూసి, "ఇది ఆర్కైవల్ కాదయ్యా" అని పక్కకు నెట్టడం నా కళ్లారా చూశాను. దానికి క్యాంటీనువాడు, "నిన్నటిదే సార్, ఇంకా ఉంది కదా" అన్నాడు. ఆ వాదనలో బలం ఉంది.

కాగితం ఎంపిక కమిటీ ఏర్పాటైంది. డైరెక్టరు గారు అధ్యక్షులు. ఫైనాన్సు సభ్యురాలు కరుణామణి మేడం. నేను నోట్సు రాసుకునేవాడిని. మొదటి సమావేశంలో డైరెక్టరు గారు లేచి నిలబడి పాత జీవో ఒకటి చదివారు. "ప్రభుత్వ సేకరణలో చేరు ప్రతి కళాఖండము కనీసం వంద సంవత్సరములు చెక్కుచెదరకుండ నుండవలెను." అది కంచు విగ్రహాల కోసం రాసిన జీవో అని నాకు తెలుసు. కానీ అందులో కంచు అనే మాట ఎక్కడా లేదు. లేని మాటను ఉందనుకోవడం ఉద్యోగధర్మం కాదు.

ఖలీల్ కంపెనీవాళ్ల పుస్తకం తీసి చూపించాడు. "సార్, ఈ పత్తి కాగితం వందేళ్ల పైనే ఉంటుందని రాశారు."

కరుణామణి మేడం కళ్లజోడు సర్దుకున్నారు. "కంపెనీ పెట్టి ఎన్నాళ్లయింది?"

"ముప్పై ఏళ్లయి ఉంటుంది మేడం."

"ముప్పై ఏళ్ల కంపెనీకి వందేళ్ల సంగతి ఎలా తెలుసు?"

"ల్యాబులో పెద్ద లైటు కింద పెడతారు మేడం. వందేళ్లలో పడే వెలుగంతా కొన్ని నెలల్లోనే పడేలా చేసి, రంగు ఎంత వెలిసిందో చూసి లెక్క కడతారు."

"అంటే చూసింది కొన్ని నెలలు, చెప్పింది వందేళ్లు. ఇదెక్కడి న్యాయం? మా దాలినాయుడు గారు ఒక ఆదివారం వచ్చి గబగబా పని చేశారనుకోండి, రెండేళ్ల సర్వీసు కలిపేస్తామా?"

ఆ ఉదాహరణ నాకు అంతగా నచ్చలేదు. నేను ఏ ఆదివారమూ రాలేదు. కానీ తర్కం ముందు నోరెత్తడానికి లేదు. కంపెనీ మాట చెల్లదని, ప్రత్యక్ష అనుభవమే ప్రమాణమని తీర్మానం రాసుకున్నాను.

దాని మేరకు టెండరు పిలిచాం. నాలుగో షరతు నేనే తయారు చేశాను. ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. "బిడ్డరు తాను సరఫరా చేసిన కాగితముపై వేసిన ముద్రణ వంద సంవత్సరములు పూర్తిచేసుకొన్నట్లు నాటి కొనుగోలుదారు సంతకముతో ధ్రువపత్రము జతపరచవలెను. కొనుగోలుదారు మరణించియున్నచో మరణ ధ్రువపత్రము కూడ జతపరచవలెను."

ఇంక్‌జెట్ మిషను పుట్టి ఎన్నేళ్లయిందని ఖలీల్ ఏదో సణిగాడు. మిషను వయసు టెండరు పరిధిలో లేదని చెప్పాను.

మూడు నెలలకి ఒకే ఒక్క బిడ్డు వచ్చింది. పాత సామాన్లు అమ్ముకునే ఒకాయన మూడు వందల ఏళ్ల నాటి తాటాకుల కట్ట పంపించాడు. దాని మీద ఏదో పశువైద్యం రాసి ఉంది. ఒక్క అక్షరం చెరగలేదు. సాంకేతికంగా అర్హత సాధించిన ఏకైక బిడ్డరు ఆయనే. దీని మీద రెండు సమావేశాలు జరిగాయి. తాటాకుకి అనుగుణంగా ప్రింటరును సవరించగలరా అని డైరెక్టరు గారు ఖలీల్‌ని లిఖితపూర్వకంగా అడిగారు.

"సార్, దాని మీద ఇంకు నిలవదు. కారిపోద్ది. పైగా ఆకు పెళుసు, మిషనులో ఇరుక్కుంటే ముక్కలే" అన్నాడు ఖలీల్.

'ప్రింటరు సహకరించుట లేదు' అని రాసి ఆ బిడ్డును పక్కన పెట్టాం.

ఈలోగా లింగం గారు ప్రతి సోమవారం వచ్చేవాడు. వరండాలో బల్ల మీద కూర్చుని, నేను తలెత్తినప్పుడల్లా లేచి నిలబడేవాడు. ఒకరోజు ఖలీల్ కూడా ఆయనతో పాటు వచ్చి, నా బల్ల మీదకి వంగి, గొంతు తగ్గించి అన్నాడు. "దాలినాయుడు గారూ, మీ ప్రదర్శన మీరు పెట్టుకోండి, ఎప్పుడైనా పెట్టుకోండి. ఒక నాలుగు బొమ్మలు మా షాపులో నేనే వేసి గురువుగారికి చూపిస్తాను. కాగితం నాది, ఇంకు నాది. మీ దగ్గరున్న స్కానింగు ఫైళ్లు ఒక్క గంట ఇవ్వండి చాలు."

నేను ఒప్పందంలో ఏడో క్లాజు తీసి చదివి వినిపించాను. కాగితం ఎంపిక పూర్తయ్యేదాకా అకాడమీ ఆస్తి అయిన నెగటివులు గాని, వాటి నకళ్లు గాని గడప దాటరాదు.

లింగం గారు ఖలీల్ భుజం మీద చెయ్యి వేశాడు. "పోనీరా. ఆళ్లు మాత్రం ఏటి సేస్తారు, రూల్సు అలగున్నాయి. బేగే తేల్చీస్తారులే."

ఆయన మంచితనం చూసి నాకు ఉత్సాహం వచ్చి, ఆ వారమే ఫైలును రెండు బల్లలు ముందుకి కదిపాను.

ఆరో నెలలో డైరెక్టరు గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. కుర్చీలోంచి లేచి, కిటికీ లోంచి సముద్రాన్ని చూస్తూ చెప్పారు. "మిత్రులారా, ఇతరుల అనుభవం కోసం మనం ఎందుకు దేబిరించాలి? మనమే వందేళ్లు చూద్దాం. ఆ కాగితం మీద ఒక బొమ్మ వేయించి, గోడకి తగిలించి, వంద సంవత్సరాలు నిరీక్షిద్దాం. వెలవకపోతే అప్పుడు నిశ్చింతగా మిగతా యాభై తొమ్మిదీ అచ్చు వేయిద్దాం. తొందర కళకు శత్రువు."

కరుణామణి మేడం కూడా కాదనలేకపోయారు. వందేళ్ల దాకా ఖర్చు లేని ప్రతిపాదన ఆవిడ సర్వీసులో అదే మొదటిదట.

వెంటనే 'కాగిత నిరీక్షణ విభాగం' మంజూరైంది. అటెండరు గవరయ్యను నిరీక్షకుడిగా నియమించారు. కానీ గవరయ్యకు సర్వీసు పద్నాలుగు నెలలే మిగిలింది. అతని తరవాత ఎవరు, వాళ్ల తరవాత ఎవరు అని పైనుంచి ప్రశ్న రావడంతో, వారసత్వ క్రమం చూపిస్తూ నేనొక పట్టిక తయారు చేశాను. మొదటి గడిలో గవరయ్య. రెండో గడిలో జూనియర్ అసిస్టెంటు. మూడో గడిలో అతని కొడుకు, ప్రస్తుతం యూకేజీ. నాలుగో గడిలో 'జననానంతరం పేరు నింపవలెను' అని రాశాను. ఆ పట్టిక పై ఆఫీసులో అందరికీ నచ్చింది. ఇంత ముందుచూపు ఉన్న ప్రతిపాదన ఈ మధ్య కాలంలో రాలేదని మెచ్చుకుంటూ మెమో పంపించారు.

తొమ్మిదో నెలలో ఖలీల్ మిషనును మా బంగళాకే తెప్పించి, నా సమక్షంలో, పత్తి కాగితం మీద ఒక్క బొమ్మ వేశారు. ఏ బొమ్మ వేయాలో లింగం గారినే అడిగాం. ఉప్పుకుప్ప పక్కన నవ్వుతున్న సూరమ్మ అనే ఉప్పుకూలీ బొమ్మ వేయమన్నాడు. అయిదడుగుల ఎత్తు. మిషనులోంచి అది మెల్లమెల్లగా దిగుతుంటే ఖలీల్ తలుపు వైపు చూశాడు. "సార్, ఒక్క నిమిషం. బయట గురువుగారు కూర్చున్నారు. పిలుస్తాను, చూసి వెళ్లిపోతారు."

కుదరదన్నాను. ఛాయాచిత్రకారుడు ఆసక్తి గల పక్షం. పరీక్షా నమూనాను ముందే చూస్తే ఫలితం మీద ప్రభావం పడవచ్చని కమిటీ తీర్మానించింది. ఖలీల్ నా వైపు అదోలా చూసి, మిషను తుడుచుకున్నాడు. నేను బొమ్మ మీద పలచటి కాగితం కప్పి, నాలుగు మూలలా లక్క ముద్ర వేశాను. ముద్రలు వంకర పోకుండా జాగ్రత్తగా చూశాను గాని, నిజం చెప్పాలంటే బొమ్మని చూడలేదు. అది నా పని కాదు.

బంగళా వెనక గదిలో దాన్ని గోడకి తగిలించి, లక్క ముద్రలూ పై కాగితమూ తీసి, తెర వేశారు. వెలుగు తగిలితే బొమ్మ వెలిసిపోతుందని సెమినారులో చెప్పారు కాబట్టి కిటికీలు మూసి, మేకులు కొట్టారు. గవరయ్య ఆ చీకటి గదిలో స్టూలు వేసుకుని, లేని వెలుగులో, తెర వెనకున్న కాగితాన్ని పది గంటల నుంచి అయిదు గంటల దాకా నిరీక్షించేవాడు. రిజిస్టరు రాయడానికి మాత్రం వరండాలోకి వచ్చేవాడు. 'ఉదయం 10.30: కాగితం ఉన్నది. సాయంత్రం 5.00: కాగితం ఉన్నది.'

"రంగేమైనా మారిందా గవరయ్యా?" అని ఒకసారి అడిగాను.

"ఆ సీకట్లో నా సెయ్యే నాకు కనపడదు బాబూ. కాయితం రంగు నాకేటి ఎరిక? ఉన్నాదంటే ఉన్నాది."

'మార్పు గమనింపబడలేదు' అని రాసుకున్నాను. అబద్ధం కాదు కదా.

కాగితానికి వంద రోజులు నిండాయి. డైరెక్టరు గారు శతదినోత్సవం చేశారు. వాకిట్లో షామియానా, మామిడాకుల తోరణం, మైకు. ముఖ్య అతిథిగా వచ్చిన రిటైర్డు అధికారి ఉద్వేగంతో మాట్లాడారు. "ఈ రోజుల్లో సినిమాలు వారం ఆడడం లేదు. అలాంటిది ఈ కాగితం వంద రోజులు ఏకధాటిగా నిలిచింది! ఇక మిగిలినవి తొంభై తొమ్మిది సంవత్సరాల చిల్లర మాత్రమే!" చప్పట్లు మోగాయి. కాగితాన్ని బయటికి తేకూడదు కాబట్టి ఆ గది తలుపు గడియకి శాలువా కప్పారు. కరుణామణి మేడం కొబ్బరికాయ కొట్టారు. నిరీక్షకుడు గవరయ్యకి దండ వేశారు. కాగితం తయారు చేసిన కంపెనీని పొగిడారు, పత్తి పండించే రైతును పొగిడారు. బొమ్మ తీసిన మనిషి సంగతి ఎజెండాలో లేదు.

లింగం గారు నాలుగో వరసలో, నా పక్కన కూర్చున్నాడు. అంతకు ముందే వచ్చి, కుర్చీ వీపులు తడుముకుంటూ వరస వెతుక్కున్నాడు. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెడితే, "ఎవులు, ఖలీలా?" అన్నాడు. రెండడుగుల దూరంలో ఉన్నాను. నాకు సిగ్గేసింది. ఆ తరవాత టిఫిను పొట్లాలు పంచే బాధ్యత నా మీద పడి లేస్తుంటే ఆయన ఆపాడు.

"బాబూ దాలినాయుడూ, ఆ గది లోనే కదేటి ఉంది? ఓపాలి తలుపు తీస్తే సూసీ ఎల్లిపోతాను. ఇంకా కొంచెం ఆనతాంది నాకు. మొహం దగ్గర పెట్టుకుంటే ఆనతాంది."

ఆయన మాట నేను వినిపించుకున్నాను. డైరెక్టరు గారికి నోట్ కూడా పెట్టాను. 'మొదటి త్రైమాసిక పరిశీలన సందర్భంగా సానుభూతితో పరిశీలించవచ్చును' అని రాసి సంతకం చేశారు.

త్రైమాసిక పరిశీలన దగ్గర కొత్త చిక్కొచ్చిపడింది. బొమ్మ వెలిసిందో లేదో తేల్చాలంటే, మొదట ఎలా ఉండాలో తెలిసినవాడు కావాలి. ఖలీల్ చిన్న మిషను ఒకటి తెస్తానన్నాడు. కాగితం మీద పెడితే నలుపెంత, తెలుపెంత అన్నది నిమిషంలో అంకెల్లో చెప్పేస్తుందట. డైరెక్టరు గారు ఒప్పుకోలేదు. "మిషనుకు సంతకం చేసే అధికారం ఉందా? రేపు ఆడిట్ వాళ్లొస్తే మిషను లేచి సమాధానం చెబుతుందా?"

అసలు బొమ్మ ఎలా ఉండాలో తెలిసిన మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆసక్తి గల పక్షమని అప్పటిదాకా గది బయట నిలబెట్టిన ఆ మనిషినే, ప్రత్యేక ఉత్తర్వు ద్వారా 'ప్రమాణ నేత్రం'గా నియమించారు. వెలిసిందా లేదా అన్నది ఆయన చూసి చెప్పాలి, ఆయన చెప్పినదే తుదిమాట. ఉత్తర్వు నేనే టైపు చేశాను. ఉత్తర్వు పై నుంచి సంతకమై దిగేసరికి ఇంకో మూడు నెలలు పట్టింది. ఒప్పందం నాటి నుంచి ఇది పదహారో నెల.

ఆ రోజు లింగం గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు, చెవి కింద కొంచెం మిగిలిపోయింది. ఖలీల్ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గది గుమ్మం దగ్గర నాకు అప్పగించాడు. పరిశీలనకు సంబంధం లేనివాళ్లకి లోపలికి ప్రవేశం లేదు. గదిలో డైరెక్టరు గారు, కరుణామణి మేడం, గవరయ్య, నేను. బొమ్మకి ఆరడుగుల దూరంలో నేల మీద సుద్దగీత. మనిషి ఊపిరి తగిలితే కాగితానికి మంచిది కాదని గీత దాటనివ్వం. చిన్న బల్బు పది నిమిషాలు వెలిగించడానికి అనుమతి ఉంది. గవరయ్య తెర లాగాడు.

లింగం గారు గీత దగ్గర నిలబడ్డాడు. మెడ ముందుకి చాపాడు. ఒక పక్కకి తిప్పాడు, ఇంకో పక్కకి తిప్పాడు. మేమంతా గడియారం చూసుకుంటున్నాం.

"తెర తీసినారేటి బాబూ?"

"తీశామండి."

ఇంకో నిమిషం గడిచింది. "మరి ఏటీ కనపడదేటి? అంతా మసగ్గా ఉంది. సూరమ్మ మొహం ఎక్కడుందో తెలీడం నేదు."

డైరెక్టరు గారు కరుణామణి మేడం వైపు తిరిగారు. ఆయన మొహం వెలిగిపోయింది. "చూశారా! ఏడు నెలలకే వెలిసిపోయింది. వందేళ్లన్నారు! ఆనాడు తొందరపడి అరవై బొమ్మలు దీని మీదే వేయించి ఉంటే ప్రభుత్వం పరువేం కావాలి? దాలినాయుడు గారూ, నోట్ చేసుకోండి. కమిటీ దూరదృష్టి రుజువైనది."

లింగం గారు కంగారుపడ్డాడు. "అయ్యో, కాయితాన్నేటీ అనకండి బాబూ. ఆ కాయితం మంచిది, నేనే ఎంచినాను. కళ్లు నావి. కళ్లే పోనాయి."

"మీ వాంగ్మూలం 'కనపడుట లేదు' అన్నంతవరకే" అన్నారు డైరెక్టరు గారు చాలా మర్యాదగా. "కారణం చెప్పే అధికారం ప్రమాణ నేత్రానికి లేదు. కారణం తేల్చేది కమిటీ. కళ్లు ఆరోగ్యశాఖ పరిధిలోనివి. కాగితం మన పరిధిలోది. లోపం మన పరిధిలోనే దొరికినప్పుడు ఇంకో శాఖలో వెతకడం మర్యాద కాదు."

నాకేమైందో తెలియదు, నోరు జారాను. "సార్, నలభై ఒకటో పేజీలో డాక్టరు రాసిచ్చిన కాగితం ఉంది సార్."

"ఎలాంటి కాగితం?"

"మామూలు కాగితమే సార్. రూళ్ల పుస్తకంలోంచి చింపింది."

"ఆర్కైవల్ కాదు కదా? మరి దాన్ని శాశ్వత రికార్డుకి ఆధారంగా ఎలా తీసుకుంటాం?"

పత్తి కాగితం తిరస్కరించబడింది. రెండో నమూనాగా పంచదార లాంటి ఆ కాగితాన్ని తీసుకుని, వచ్చే నెల ఒకటో తారీకు నుంచి కొత్తగా వందేళ్లు లెక్కపెట్టాలని తీర్మానించారు. ప్రతి మూడు నెలలకీ ప్రమాణ నేత్రం హాజరు కావాలని కూడా.

బల్బు ఆర్పడానికి మూడు నిమిషాలుంది. లింగం గారు నా మోచెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"బాబూ, నీకు కనపడతాంది కదా. ఎలగుందో సెప్పు."

అప్పుడు చూశాను. రెండు వందల డెబ్భై పేజీలు రాసినవాణ్ని, ఆ బొమ్మని మొదటిసారి చూశాను. సూరమ్మ నవ్వుతోంది. పై పన్ను ఒకటి లేదు. నుదుటి మీద చెమట పట్టి, దాని మీద ఉప్పు పొడి అంటుకుని ఉంది. గంప ఎత్తి ఎత్తి ఒక భుజం కిందకి దిగిపోయింది. వెనకాల కుప్ప. ఆ కుప్పలో ఒక్కో పలుకు విడివిడిగా ఏరుకోవచ్చనిపించింది. నోట్‌లు రాసే భాష ఒక్క ముక్క కూడా నాకు పనికిరాలేదు.

"చాలా బాగుందండి. ఆవిడ నవ్వుతోంది. ఉప్పు తెల్లగా ఉంది. ఎక్కడా వెలవలేదు" అన్నాను.

లింగం గారు తల ఊపాడు. పెదవులు బిగబట్టుకున్నాడు. ఆయన ఏడుస్తున్నాడని అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

"దాలినాయుడు గారూ," అన్నారు డైరెక్టరు గారు, "మీరు ప్రమాణ నేత్రం కారు. ఆ మాటలు రికార్డులోకి రాకూడదు."

పెన్ను అలవాటు కొద్దీ ఆ మాటలు అప్పటికే రాసేసింది. వాటిని కొట్టేసి, కొట్టివేతకు పక్కన పొట్టి సంతకం పెట్టాను. బల్బు ఆరిపోయింది. గవరయ్య తెర వేశాడు. వరండాలోకి వచ్చాక నివేదిక లింగం గారి ముందు పెట్టి, ఆయన వేలు పట్టుకుని సంతకం చేయవలసిన గడి మీద ఆనించాను. అందులో చివరి కాలమ్ ఒకటి మిగిలి ఉంది. 'ప్రమాణ నేత్రం చిత్రమును స్వయముగా చూచినారా?' అవును అనో, కాదు అనో రాయాలి.

"ఏటి రాయమంటారండి?" అని అడిగాను.

ఆయన సంతకం చేసి, పెన్ను నాకు తిరిగిచ్చాడు. "సూసినట్టే రాసీ బాబూ. నేదంటే మళ్లీ ఇంకో కమిటీ ఏస్తారు."

చూసినట్టు రాశాను.